మూడు సున్నాల నడుమ వియ్యంకుడు

మొన్న టీ తాగుతుంటే ఫోను గుయ్‌మంది. బంగాళాఖాతంలో భూమి కదిలిందట, ఏ మూలో ఎంత లోతో కూడా అదే చెప్పేసింది. నా కప్పులో టీ అయితే తొణకలేదు. ఎవరినీ అనుమానించకుండానే ఆచూకీ దొరికిపోయే భూకంపం కూడా ఒక భూకంపమేనా?

డెబ్భైల చివర్లో పోర్టు ఉద్యోగంలో చేరి, మల్కాపురంలో పోర్షను అద్దెకు తీసుకుని కొత్తకాపురం పెట్టాను. మా ఇంటి ఓనరు తన నీడని కూడా ఎందుకు వెంటబడుతున్నావని నిలదీసే రకం. రోజూ మధ్యాహ్నం నేల అదిరేది, ఆ వెనకే ఢామ్మని మోత, గోడకి గోదావరి పాయంత బీట.

"మీయావిడ కారం దంచబట్టే గోడ సీలిపోతంది. నెలాఖరుకి కాళీ సేసీండి!" అన్నాడాయన.

పోవడానికి మరో చోటు లేదు. భూకంపాలు కనిపెట్టే కేంద్రంలో పనిచేసే మా అక్క మొగుడు, అంటే బావ, అక్కతో సహా దిగాడు. భూకంపంలో తొందర అల ముందూ నింపాది అల వెనకా వస్తాయని, రెంటి మధ్య ఎడం పెరిగేకొద్దీ దూరం పెరిగినట్టని, ఒక్కచోటి నుంచి దూరమే తప్ప దిక్కు తెలియదని, మూడు చోట్ల నుంచి సున్నాలు గీస్తే అవి కలిసినచోటే దోషి ఉంటాడని ఓనరుకు బోధించాడు. ఇక్కడా అదురు ముందు, గాల్లో మోత వెనక కనుక అదే లెక్కట.

ఇంట్లో మా ఆవిడ, రిఫైనరీ గేటు దగ్గర అక్క, ఎవరినీ నమ్మని ఓనరు స్వయంగా బజార్లో నిలబడి, అదురుకీ మోతకీ మధ్య అంకెలు లెక్కపెట్టారు. మా ఆవిడది మెయిలు బండి వేగం, అక్కది గూడ్సు బండి. ఓనరు తననెవరైనా చూస్తున్నారేమోనని మధ్యమధ్యలో ఆగాడు.

"బజారుదాకా అదిరిందంటే, ఆయమ్మ సెయ్యి ఎంత బరువో సూడు బాబూ!" అన్నాడు మా బావతో.

బావ ఊరి పటం మీద మూడు సున్నాలు గీశాడు. అవి కొండ పక్కనున్న ఓనరు వియ్యంకుడి ఇంటిమీద కలిశాయి!

"నాను ముందే అనుకున్నాను! ఆడే, నా ఇల్లు కూల్సీడానికే!" అంటూ ఓనరు గొడుగు పట్టుకుని యుద్ధానికి వెళ్ళిపోయాడు. మమ్మల్ని ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. కొండలో రాయి పేల్చేవాళ్ళు మాత్రం పేలుస్తూనే ఉన్నారు.

ముగ్గురి లెక్కా మూడు వేగాల్లో నడిస్తే సున్నాలు అంత ముచ్చటగా ఎలా కలిశాయో బావ చెప్పలేదు. ఆయన మీద నాకిప్పటికీ అనుమానమే.

ఇప్పుడు నేల అదిరితే ఎవరూ గుమ్మంలోకి రారు, ఎవరి తలుపూ తట్టరు. మొన్న ఫోను మోగాక, పాత అలవాటు కొద్దీ పక్క ఫ్లాటు గోడకి చెవి ఆనించాను. అవతల ఎవరూ ఏమీ దంచడం లేదు.