లాలాగూడ నాలుగోది

తొంభైల మధ్యలో నేను యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో పాస్‌వర్డులకు కాపలాదారుణ్ణి. క్యాంపస్ మొత్తానికి ఒకటే పెద్ద మిషన్. దాంట్లో ఎవరికి ఖాతా ఇవ్వాలో, ఎవరి ఖాతాకు తాళం వేయాలో నా చేతిలో ఉండేది. ఆ అధికారం నాకు బాగానే తలకెక్కింది. పాస్‌వర్డు మరిచిపోయామని వచ్చిన ప్రొఫెసర్లకు కూడా క్లాసు పీకేవాణ్ణి. నెల రోజులు పాస్‌వర్డు మార్చని ఖాతా దానంతట అదే మూతపడాలని ఒక రూలు కూడా పెట్టాను. ఆ రూలంటే నాకు మహా ముద్దు.

అందరి తాళాలూ తీసే అసలు పాస్‌వర్డు నాది. అది ఇంకా ముద్దు. తార్నాకతో కలిపి చుట్టుపక్కల ఎనిమిది బస్తీల పేర్లు తీసుకుని, వాటి ఇంగ్లీషు మొదటి అక్షరాలు వరసగా పెట్టాను. బస్సు వెళ్లే వరసలో పెడితే ఎవరైనా పట్టేస్తారని కావాలనే కలగాపులగం చేశాను.

ఆ వేసవిలో మూడు వారాలు సెలవు పెట్టి పెళ్లి చేసుకున్నాను. తిరిగొచ్చిన రోజు పొద్దున నా గది ముందు ఒక రీసెర్చ్ స్కాలర్ నిలబడి ఉంది. టైఫాయిడ్ వచ్చి సొంత ఊళ్లోనే నెలకు పైగా ఉండిపోయిందట. ఈలోగా నా రూలు ఆమె ఖాతాకు తాళం వేసేసింది. థీసిస్ చివరి అధ్యాయం అందులోనే ఉంది.

"ఇయ్యాల అయిదింటికి లాస్ట్ డేట్ సార్. ఇంతకుముందే రెండుసార్లు టైం అడిగి తీసుకున్న, మళ్ల ఇయ్యరు. మూడు రోజుల సంది తిరుగుతున్న. మీరొస్తెనే అయితదన్నరు. జర తీయండి సార్."

"రూల్స్ తెలుసుకోవాలమ్మా" అని చిన్న ఉపన్యాసం ఇచ్చి, దర్జాగా కుర్చీలో కూర్చుని కీబోర్డు మీద వేళ్లు పెట్టాను. వేళ్లు కదల్లేదు. పేర్లు ఎనిమిదీ గుర్తున్నాయి, వరస మాత్రం పోయింది. ఒక వరస కొట్టాను, తప్పన్నది. ఇంకోటి కొట్టాను, అదీ తప్పే. ఎవరూ పట్టుకోకూడదని చేసిన కలగాపులగం నాకే చిక్కడం లేదు. నా చెమటలు చూసి ఆ అమ్మాయి మొహం పాలిపోయింది.

ఇలాంటి ఆపద కోసమే డైరెక్టర్ గారి బీరువాలో లక్క ముద్ర వేసిన కవరు ఒకటి ఉండేది. పాస్‌వర్డు మార్చినప్పుడల్లా కొత్త కవరు పెట్టాలి. ఆయన ముద్ర పగలగొట్టి కాగితం నా చేతికిచ్చారు. అందులో ఎప్పుడో వదిలేసిన పాత పాస్‌వర్డు ఉంది. కొత్త కవరు పెట్టాల్సింది నేనే. మిషన్ ఆపి దొడ్డిదారిన లోపలికి వెళ్లాలంటే కంపెనీ ఇంజనీరు రావాలి. ఆయన రేపు వస్తానన్నాడు.

పన్నెండయింది. ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఐదేళ్ల కష్టం నా తెలివితేటల వల్ల మట్టిపాలవుతోంది. నాకు నిజంగా సిగ్గేసింది.

అప్పుడు మా అటెండర్ చాయ్ పట్టుకొచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన, లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో కొడుకు దగ్గర ఉంటాడు. కాసేపు నన్నే చూసి అడిగాడు.

"ఏంది సార్, ఇయ్యాల ఊర్లు సదువుతలేరు?"

"ఏం ఊర్లు కాకా?"

"రోజు పొద్దుగాల మిషన్ ముంగట కూసోని సదువుతరు గద. అంబర్‌పేట్, మెట్టుగూడ, నాచారం, లాలాగూడ, విద్యానగర్, తార్నాక, సీతాఫల్‌మండి, హబ్సిగూడ. మా లాలాగూడ నాలుగోది. అది రాంగనే నేను చాయ్ కప్పు మీ బల్ల మీద పెడ్త."

పాస్‌వర్డు పెదవి దాటనివ్వొద్దని క్యాంపస్ అంతటికీ పాఠాలు చెప్పిన నేను, రోజూ పైకే చదువుతూ కొట్టేవాణ్ణన్నమాట! ఎనిమిది అక్షరాలూ కొట్టాను. మిషన్ తలుపు తీసింది. ఆ అమ్మాయి ఖాతా తాళం తీసేసరికి ఒంటిగంట కూడా కాలేదు. ప్రింటర్ నుంచి పేజీలు నేనే చింపి ఇచ్చాను, బైండింగ్‌కు తార్నాకదాకా నా స్కూటర్ మీద నేనే తీసుకెళ్లాను. అయిదుకు పావుగంట ముందు థీసిస్ ఆఫీసులో పడింది. ఆమె తిరిగొచ్చి, నన్ను దాటుకుని వెళ్లి, పెద్దాయన చేతులు పట్టుకుంది.

ఆ సాయంత్రమే పాస్‌వర్డు మార్చాను, కొత్త కవరూ బీరువాలో పెట్టించాను. మర్నాడు పొద్దున నోరు గట్టిగా మూసుకుని మిషన్ ముందు కూర్చున్నాను. పెద్దాయన చాయ్ కప్పుతో పక్కన నిలబడ్డాడు. ఎంతసేపటికీ కప్పు బల్ల మీద పెట్టడే.

"కొత్తదాంట్ల లాలాగూడ ఉన్నదా సార్?" అన్నాడు చివరికి, మెల్లగా.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

"ఈసారి ముందుగాల అదే, కాకా" అన్నాను.

కప్పు బల్ల మీద పెట్టాడు.