నుదురు రేగడి, చెంపలు చెలక

నాగరాణి పార్లర్‌కూ నా కుట్టుమిషన్‌కూ మధ్య ఒక్క ప్లైవుడ్ చెక్కే అడ్డం. తిరుమలగిరి బస్టాండు ఎదురుగా ఉన్న ఒక గదిని రెండుగా కోసి, యజమాని మా ఇద్దరికీ కిరాయికిచ్చాడు. అటు ఎవరు నవ్వినా, ఎవరు ఏడ్చినా, ఏ కోడలు ఏ అత్తను తిట్టినా ఇటు నాకు వినిపించేది. వినకుండా చెవులు మూసుకునేంత మంచితనం నాకు లేదు.

తెలంగాణ వచ్చిన ఏడాదే ఆమె పార్లర్ పెట్టింది. హైదరాబాదులో పెద్దమ్మ ఇంట్లో ఉండి పని నేర్చుకుంది. మొగుడు ఆటో నడుపుతాడు, మంచివాడే, నోట్లో నాలుక లేనివాడు. ఆ లోటు నాగరాణి తీర్చేది. మా దగ్గరి ఆడవాళ్ళకు పార్లర్ అంటే ఒకటే కోరిక, తెల్లబడాలి. పత్తి చేలల్లో మాడిన ముఖాలు వేసుకొచ్చి "గోల్డ్ ఫేషియల్ చెయ్యి" అనేవాళ్ళు. నాగరాణి వెంటనే చేసేది కాదు. ముందు పల్చటి కాగితం ముఖమంతా అద్ది, కిటికీ వెలుగులో పెట్టి చూసేది. నుదురు, ముక్కు, గడ్డం తగిలినచోట కాగితం నూనెతో మెరిసి, చెంపలు తగిలినచోట పొడిగా ఉంటే, "నీది మిక్స్‌డ్ స్కిన్" అని తేల్చేది.

"అంటే ఏంది నాగరాణీ?"

"నీ నుదురు రేగడి, నీ చెంపలు చెలక. రెండిట్ల ఒక్కటే పంట ఏస్తవా?"

రేగడి తడి పట్టి ఉంచే నల్లనేల, చెలక నీరు నిలవని పొడినేల. రైతు బిడ్డలకు అది చప్పున ఎక్కేది. నూనె ముఖానికి చేసే ఫేషియల్ మొత్తానికీ చేస్తే చెంపలు పగులుతాయట. పొడి ముఖానికి చేసేది చేస్తే ముక్కు మీద మొటిమలు లేస్తాయట. అందుకని ఒక్క ముఖానికి రెండు గిన్నెలు కలిపేది. నుదుటికీ ముక్కుకూ ముల్తానీ మట్టి, చెంపలకు పెరుగూ తేనే. అంత ఓపిక నాకైతే లేదు. జాకెట్ చేతులు రెండూ ఒకే కొలతకు కత్తిరించి పడేసేదాన్ని.

ఇంకొక అలవాటు ఉండేది ఆమెకు. పని అయ్యాక ఏ ఆడమనిషినీ బొట్టు పెట్టకుండా గడప దాటనిచ్చేది కాదు. వాళ్ళ అవ్వ నేర్పిన పద్ధతి. అద్దం కింద యాదగిరిగుట్ట కుంకుమ భరిణె ఉండేది. కనుబొమ్మలు చేయించుకున్నవాళ్ళకు అందులోంచి పెట్టేది. ఫేషియల్ చేసిన రోజు మాత్రం కుంకుమ కాదు, బొట్టుబిళ్ళ అంటించేది. ఆవిరి పట్టి, రుద్దిన చర్మం ఏ రంగు తగిలినా తాగేస్తుందని అందరికీ చెప్పేది.

అంత తెలిసిన మనిషే ఒకరోజు ఆ పని చేసింది.

ఎండాకాలం మధ్యాహ్నం. బజారులో కుక్క కూడా లేదు. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఒక పిల్ల లోపలికి వచ్చింది. పేరు స్వరూప. ఆటోలో వెళ్తే అరగంట దూరంలో ఉన్న గూడెంలో, గొర్రెలు కాసుకునే కురుమల ఇంటి కోడలు. మొగుడు హనుమంతు కిందటి వానాకాలం గొర్రెల మంద దగ్గర పిడుగు పడి పోయాడు. నాలుగేళ్ళ బిడ్డ సుమన. ఇదంతా ఆ పిల్ల కుర్చీలో కూర్చోకముందే చెప్పేసింది. పార్లర్‌కు వచ్చినందుకు ముందే క్షమాపణ అడుగుతున్నట్టు చెప్పింది.

సూర్యాపేటలో ఒక బట్టల దుకాణంలో పని దొరికేలా ఉంది. పని ఖాయమైతే అక్కడే ఒక గది తీసుకుని, బిడ్డను తీసుకెళ్ళి బడిలో వేస్తుందట. కానీ దుకాణం సేటు ఆమె నుదుటి వైపు చూసి నసిగాడట. ఏళ్ళ తరబడి బొట్టుబిళ్ళ అంటించిన చోట జిగురు చర్మాన్ని తినేసి, రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ పడింది. మొగుడు పోయాక బొట్టు తీసేశారు, మచ్చ మిగిలింది.

"బొల్లి అనుకుంటరు కస్టమర్లు, అంటుండు అక్కా. ఏ ఫేషియల్ చేస్తె పోతది?"

నాగరాణి కాగితం అద్ది చూసింది. "ఏ ఫేషియల్‌కు పోదు చెల్లె. అది దవాఖానల చూపెట్టుకునేది. గని చుట్టుపక్కల ఎండ నలుపు జర తగ్గితే మచ్చ గంత కొట్టొచ్చినట్టు కనపడది. గోల్డ్, గీల్డ్ ఏం వద్దు. నీది మిక్స్‌డ్. నుదుటికి ఒక తీరు, చెంపలకు ఒక తీరు చేస్త."

"ఇంట్ల ఎరుకలేదక్కా. పన్ను నొస్తుంది, దవాఖానకు పోతున్న అని చెప్పొచ్చిన. పని ఖాయమైనంక చెప్త."

"నాకెందుకు చెల్లె గవన్ని? కండ్లు మూసుకో."

తర్వాత చాలాసేపు వినిపించినవి రెండే. ఆవిరి శబ్దం, గిన్నెలో చెంచా శబ్దం. ఒకసారి స్వరూప అంది, "ఇంత మెత్తగ నా మొకం ఎవరు ముట్టుకోక ఏడాది అయితాంది." నేను మిషన్ ఆపాను.

పని అయిపోయింది. ఎండ నలుపు విరిగి ముఖం తేటగా వచ్చింది. కానీ తేరిన నుదుటి మీద మచ్చ ఇంకా ఉంది. నాగరాణి దాన్నే చూస్తూ నిలబడింది. లోపం కనిపిస్తే కప్పకుండా ఉండలేని చేతులు అవి. బిళ్ళ అంటిస్తే జిగురు మచ్చను ఇంకా పెంచుతుంది, ఈ నుదుటికి బిళ్ళ పనికిరాదు, కుంకుమే మేలు అని మనసులో లెక్క వేసుకుంది. బొటనవేలు భరిణెలోకి పోయింది, మచ్చ మీద గుండ్రంగా అద్దింది. చర్మాన్ని చూసి మనిషిని మరిచిపోయింది. ఈ మాట ఆమే నాతో తర్వాత అంది.

"అయ్యో!" అన్న కేక విని నేను లేచి వెళ్ళాను. నాగరాణి తడిగుడ్డ పట్టుకుని ఉంది. స్వరూప ఆమె మణికట్టు పట్టి ఆపింది.

"జరసేపు ఉండనియ్యి అక్కా."

అద్దంలో తనను తాను చూసుకుంటూ కూర్చుంది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ పిల్ల. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. వచ్చి తలుపు తోసిన ఒకామెను తర్వాత రమ్మని పంపేశాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

తర్వాత తుడిచారు. పోలేదు. పాలతో తుడిచారు, కొబ్బరినూనెతో తుడిచారు. ఆవిరికి తెరుచుకున్న చర్మం కుంకుమను తాగేసింది. ఎంత రుద్దితే అంత ఎర్రబడింది. "కొంగు కప్పుకొని పోత అక్కా, రేపటికి పోతది" అని స్వరూపే నాగరాణికి ధైర్యం చెప్పి బస్సెక్కింది.

గూడెంలో కొంగు ఎంతసేపు నిలుస్తుంది? బిడ్డ చంకెక్కి లాగేసిందట. అత్త గోపమ్మ చూసింది.

ఆదివారం బీరప్ప గుడి ముందు కులపెద్దలు కూర్చుంటారని పార్లర్‌కు వచ్చిన ఒకామె చెప్పింది. నాగరాణి షట్టర్ దించి, "సత్తక్కా, నడువు" అంది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పార్లరోళ్ళ మాట అక్కడ చెల్లదు, ఊకుండు" అన్నాను. వినలేదు. వాళ్ళాయన ఆటోలోనే వెళ్ళాం.

నిజం చెప్తే చిక్కుముడి విడిపోతుందని ఆమె నమ్మకం. పెద్దల ముందు నిలబడి, చేతులు చాచి చూపించి చెప్పింది. "తప్పు నాది. ఆ పిల్లది కాదు. ఫేషియల్ చేసినంక మచ్చ కనపడొద్దని నా చెయ్యే కుంకుమ మీదికి పోయింది."

పెద్దమనిషి గుర్వయ్య నెమ్మదస్తుడు. గొంతు కూడా పెంచలేదు. "అట్లనా బిడ్డా. అయితె పన్ను నొప్పి అబద్ధమన్నట్టు."

అందరూ స్వరూప వైపు తిరిగారు. చాచిన చేతులు నాగరాణి దించేసింది. తను చెప్పిన సాక్ష్యం ఆ పిల్ల మెడకే చుట్టుకుంది.

"ముండమోసిన మనిషి ముఖానికి మెరుగు ఎవరికోసం పెట్టిచ్చుకుంటదే?" అని వెనక నుంచి ఎవరో ఆడగొంతు అంది. ఆ గొంతు దొరికితే నాలుక కోసేదాన్ని.

"బట్టల దుకాణంల పనికోసం" అంది స్వరూప. "బిడ్డను చదివిచ్చుకుందామని."

గుర్వయ్య తలాడించాడు. "మన కులంల మారుమనువు తప్పు కాదు. వయసుల ఉన్నవ్, నచ్చినోడు ఉంటె పో. మేము అడ్డం రాము, దండుగ కట్టుమనం. గని పద్ధతి ఒకటున్నది. తల్లి పోతె పోతది, పిల్ల ఇంటిపేరుకు ఉంటది."

"నాకు మనువు వద్దు! ఎవ్వరు లేరు! పనికి పోత అంటున్న!"

"బొట్టు పెట్టుకొని ఊర్లకు వచ్చినవ్ బిడ్డా" అన్నాడు గుర్వయ్య. అతనికి సంగతి తేలిపోయింది. బొట్టు అంటే మనువు. మధ్యలో ఇంకో అర్థం ఆ గుడి ముందు ఎవరి దగ్గరా లేదు.

స్వరూప అత్త కాళ్ళ మీద పడింది. గోపమ్మను రాక్షసి అని రాస్తే నాకు సుఖంగా ఉండేది. కానీ ఆమె కూడా ఏడుస్తూనే ఉంది. చంకలో మనుమరాలిని అదిమిపట్టి, "గిది నా కొడుకు మొకం. నాకు మిగిలింది గిదొక్కటే. నువ్వు ఏడికన్న పో, గిది నేనియ్య" అంది. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. ఇక్కడ రెండూ పుండ్లే, కాకులు చుట్టూ కూర్చున్నాయి.

బిడ్డను వదిలి స్వరూప మాతోనే బయల్దేరింది. స్టేషన్‌కు పోదామని, కోర్టుకు పోదామని నేను ఆటోలో అరిచాను. స్వరూప పక్క కమ్మీ పట్టుకుని, "పిల్లను ఆగంజేస్తరు సత్తక్కా. ఎప్పటికన్న అత్త మనసు మారుతది" అంది. సూర్యాపేట బస్టాండులో దింపాం. పని ఖాయమైంది. సేటుకు ముఖం నచ్చింది.

అత్త మనసు మారలేదు. స్వరూప సెలవు దొరికినప్పుడల్లా వచ్చి ఊరి బడి గేటు దగ్గర నిలబడేది. కొన్నాళ్ళకు గోపమ్మ పిల్లను అచ్చంపేట దగ్గర తన అన్న ఇంట్లో ఉంచి చదివించింది. అడవి అంచు ఊరు. పిల్ల ఎక్కడ ఉందో స్వరూపకు చెప్పినవాళ్ళు లేరు.

నాగరాణి ఆరోజు నుంచే భరిణె తీసేసింది. బొట్టు పెట్టకుండా పంపుతుందని కొందరు రావడం మానేశారు. పెట్టమని నేనూ పోరాను. "నా బొటనవేలు కొరివి అక్కా" అనేది. పని మటుకు అలాగే చేసేది. కాగితం అద్దేది, రెండు గిన్నెలు కలిపేది. మాటలు తగ్గాయి. నవ్వు వినిపించేది కాదు, పక్కన ఉన్నదాన్ని, నాకు తెలియదా.

మొన్న ఫాల్గుణంలో ఒక ముసలామె పన్నెండు, పదమూడేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని పార్లర్‌లోకి వచ్చింది. నాగరాణి జాకెట్ కొలతలకు నేను అక్కడే ఉన్నాను. ముసలామె చూపు ఆనదు. మమ్మల్ని గుర్తుపట్టలేదు. మేము గుర్తుపట్టాం, గోపమ్మ.

"మనుమరాలికి చీర కట్టిచ్చే ఫంక్షన్ చేస్తున్నం బిడ్డా. గీ పోరిని జర తెల్లగ చెయ్యి. గోల్డ్ ఫేషియలట, గదే చెయ్యి."

"గింత పిల్లకు గోల్డు వద్దు అవ్వా" అంది నాగరాణి. "ఉత్త క్లీనప్ చేస్త."

కాగితం అద్దింది. కిటికీ వెలుగులో పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. నేను కూడా చూశాను. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర మెరుస్తోంది. చెంపల దగ్గర పొడి. ఆమె రెండు గిన్నెలు తీసింది.

"రెండెందుకు ఆంటీ?" అని అడిగింది సుమన.

"నీ నుదురు రేగడి బిడ్డా, చెంపలు చెలక."

"అచ్చం దాని నాయిన మొకమే" అంది గోపమ్మ బెంచీ మీద నుంచి.

నాగరాణి చేయి ఆగింది. వద్దని నేను కళ్ళతో సైగ చేశాను. ఒకసారి నిజం చెప్పి ఏం మూటగట్టుకుందో నాకు తెలుసు. ఆమె పిల్ల చెంప మీద పెరుగు అద్దుతూ, మామూలుగా అంది. "మొకం నాయినది కావచ్చు అవ్వా. తోలు తల్లిది. ఆమెకు గూడ గిట్లనే రెండు గిన్నెలు కలిపిన."

గోపమ్మ అప్పుడు గొంతు గుర్తుపట్టింది. బెంచీ మీద నుంచి లేచింది. "ఓ నాగరాణివా! లే పిల్లా, లే. మల్ల ఇదే కొంపల అడుగువెట్టినమా!"

సుమన లేవలేదు. ముఖానికి సగం మట్టి, సగం పెరుగు. "మా అమ్మ నీకెరుకనా?"

"ఎరుకనే. సూర్యాపేటల ఉంటది. మనువు పోలే బిడ్డా. ఒక్కతే ఉంటది."

"మనువు పోయిందన్నరు" అంది పిల్ల, అవ్వ వైపు చూడకుండా. "ఇంట్ల ఆమె ఫొటో గూడ లేదు. లగ్గం ఫొటోల నాయిన పక్క సగం కత్తిరిచ్చిన్రు."

గోపమ్మ తిట్టడం మొదలుపెట్టింది. బస్సు పోతుందంది, చుట్టాలు వచ్చి ఉంటారంది, నాగరాణి వంశాన్ని మన్నుగలిపింది. చివరికి ఊపిరందక మళ్ళీ కూర్చుని ఏడ్చింది. నేను నీళ్ళు తెచ్చి ఇచ్చాను. తాగింది.

నాగరాణి తడిగుడ్డతో పిల్ల ముఖం తుడిచింది. నుదుటి నుంచి మట్టి, చెంపల నుంచి పెరుగు పోయాయి. తేటగా వచ్చింది ముఖం. మచ్చ లేదు. సుమన కుర్చీని అద్దం దగ్గరికి జరుపుకుని, ఒక చేత్తో చెంప, ఇంకో చేత్తో నుదురు ముట్టుకుని చూసుకుంది.

"లే బిడ్డా, పోదాం" అంది గోపమ్మ.

"జరసేపు ఉండనియ్యి అవ్వా" అంది సుమన. "చూసుకుంట."