పొంగిన పాలు, కదలని చుట్టం

ఇల్లినాయిలోని షామ్‌బర్గ్‌లో మేముండే అపార్ట్‌మెంట్ల దగ్గర్లో ఒక లైబ్రరీ ఉంది. నెలకో ఆదివారం అక్కడ చిన్న గదిలో మన తెలుగువాళ్ళు పది పన్నెండు మంది చేరి కథలు, పద్యాలు చదువుకుంటారు. కొత్తలో నేను అక్కడికి వెళ్ళింది సాహిత్యం కోసమేం కాదు. నాలుగు తెలుగు మాటలు చెవిన పడతాయని, ఎవరో ఒకరు ఫ్లాస్కులో టీ తెస్తారని వెళ్ళేదాన్ని. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. డిపెండెంట్ వీసా మీద వచ్చాను కాబట్టి ఉద్యోగం లేదు, కారు నడపడం రాదు. మా ఆయన పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంట్లో నేనూ, నా కుక్కరూ, కిటికీ బయట మంచూ.

ఆ గదిలోనే నాటకం అంకుల్ పరిచయమయ్యారు. రిటైరైన ఇంజనీరు. ఎప్పుడూ చంకలో ఏదో ఒక నాటకం కాగితాలుంటాయి కాబట్టి అందరం ఆయన్ని అలాగే పిలుస్తాం. ఒకసారి కథ చదవాల్సిన వంతు ఆయనదైతే, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చారు. పక్కన కూర్చున్న నా చేతిలో కాగితాలు పెట్టి, "కాస్త చదివిపెట్టమ్మా" అన్నారు. మాది శ్రీకాకుళం వైపు. నా యాసకి ఎక్కడ నవ్వుతారోనని ఈ దేశంలో మన వాళ్ళ ముందే ఎక్కువ భయపడేదాన్ని. చదివాను. ఎవరూ నవ్వలేదు. అంకుల్ కళ్ళు మూసుకుని విన్నారు.

"నీ గొంతులో మనుషులు తిరుగుతున్నారమ్మా" అన్నారు చివర్లో.

ఆ మాటతో వారం రోజులు బతికాను.

తర్వాత ఉగాది వచ్చింది. ఏటా మా ఊరి తెలుగువాళ్ళంతా ఒక స్కూల్ ఆడిటోరియం అద్దెకి తీసుకుని పండగ చేస్తారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పిల్లల సినిమా డాన్సులే. అంతకు ముందు ఏడాది పిల్లలతో ఒక నాటకం వేయిస్తే, సగంలో మాటలు మర్చిపోయి బొమ్మల్లా నిలబడిపోయారట. కర్టెన్ దించేశారట. ఈసారి అంకుల్ మళ్ళీ అడిగారు. ఇక్కడ పుట్టిన పిల్లలు ఒక్కసారైనా స్టేజ్ మీద తెలుగులో మాట్లాడాలి, అది చూడాలి. ఆయన కోరిక అంతే. ప్రోగ్రామ్ చూసుకునే అన్నయ్య మొహమాటపడి ఒప్పుకున్నారు. "వారం ముందు వచ్చి రిహార్సల్ చూస్తా అంకుల్. బాగుంటే ఉంచుదాం, లేదంటే ఆ టైమ్ డాన్స్ వాళ్ళకిచ్చేద్దాం" అన్నారు.

నాటకం చిన్నది. ఒకింటికి పిలవని చుట్టం ఒకాయన వస్తాడు, ఎన్నాళ్ళైనా కదలడు. ఇల్లాలు మర్యాదగా సాగనంపాలని చూస్తూ ఉంటుంది. ఇల్లాలు వేషం మా పక్క ఫ్లాట్ అక్క కూతురిది. పదేళ్ళ పిల్ల. తెలుగు అర్థమవుతుంది, తిరిగి మాట్లాడమంటే మాత్రం ఇంగ్లీషే. చదవడం అసలు రాదు. అంకుల్ రాసినవన్నీ తెలుగు అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తే పిల్ల వింతవింతగా పలికింది.

"నువ్వు చదివి వాయిస్ మెసేజ్‌లు పెట్టెయ్. ఇది స్విమ్మింగ్‌కి వెళ్తూ కార్‌లో వింటుంది" అంది అక్క.

అలా మొదలైంది. ఊరగాయ సీసాకి ఫోన్ ఆనించి, వంట చేసుకుంటూ రోజుకో ముక్క రికార్డు చేసి పంపేదాన్ని. మధ్యలో కుక్కర్ కూస్తే కూసేది. పాలు పొంగితే పరిగెత్తేదాన్ని. నా గోల వదిలేసి అసలు మాటలే నేర్చుకుంటుందని అనుకున్నాను. వదిలెయ్యమని చెప్పాల్సిన పని ఉంటుందని తోచనే లేదు. ఈలోగా మంచు తుఫాను ఒకటి, పిల్లల పరీక్షలు ఒకటి. అందరూ కలిసి రిహార్సల్ చేసుకునే వీలే కుదరలేదు. చివరికి మొదటి పూర్తి రిహార్సల్, ప్రోగ్రామ్ అన్నయ్య చూడ్డానికొచ్చింది, రెండూ ఒక్కరోజే అయ్యాయి.

అంకుల్ వాళ్ళ బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్‌ని గోడకి నెట్టి చోటు చేశాం. చుట్టం వేషం వేసిన పన్నెండేళ్ళ పిల్లాడు సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మా పిల్ల కొంగు బొడ్లో దోపుకుని వచ్చింది.

"ఏమండీ అన్నయ్యగారూ, మీ ఊరి బస్సు ఎన్నింటికండీ? పిల్లలకి పరీక్షలు కూడా దగ్గరపడ్డాయి..." అని, ఊపిరి తీసుకోకుండా, "ఓలమ్మో, పాలు పొంగిపోతన్నాయి! ఉండు ఉండు... హమ్మయ్య, కట్టీసాను" అంది. గుండె మీద చెయ్యేసుకుంది. రెండుసార్లు దగ్గింది. ఆ దగ్గు నాదే! తర్వాత తాపీగా, "ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. సరేనా బంగారం? మిగతాది రేపు పెడతాను" అని ముగించింది.

బంగారం అనిపించుకున్న పిల్లాడి మొహం కందగడ్డైపోయింది. వాడికి నేర్పిన జవాబు దేనికీ అతకలేదు. అక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. నాకు మాత్రం నేల చీలిపోతే బాగుణ్ణనిపించింది.

"ఇది స్క్రిప్ట్‌లో ఉందా?" అన్నారు ప్రోగ్రామ్ అన్నయ్య. ఆయన నవ్వలేదు.

"లేదన్నయ్యా. అది నేను... వంట చేసుకుంటూ..." అన్నాను.

"బట్ ఆంటీ సెడ్ ఇట్!" అంది పిల్ల, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే. "ఎవ్రీథింగ్ నేర్చుకున్నా."

"అంకుల్, ఇంకా వారమే ఉంది. పోయినేడు జరిగింది మళ్ళీ జరిగితే నన్నే అంటారు" అన్నారు అన్నయ్య.

అంకుల్ మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా పిల్ల ముందు కూర్చున్నారు. "పాలు పొంగిపోతున్నాయంటే ఏంటి తల్లీ?"

"మిల్క్ పైకి వస్తుంది. రన్ చెయ్యాలి. స్టవ్ ఆఫ్."

"మరి 'సరేనా బంగారం' ఎవరికి?"

పిల్ల కాస్త సిగ్గుపడి నా వైపు చూసింది. "అది నాకు. కానీ ఐ లైక్ ఇట్, సో చెప్పాను."

అంకుల్ అన్నయ్య వైపు తిరిగారు. "చిలక పలుకులైతే నేనే వద్దనేవాణ్ణి. ఇది అర్థం తెలిసే చెప్తోంది. ఆ పాలు ఉండనీ. ఇల్లాలన్నాక వంటిల్లుండదా? మారాల్సింది వీడి జవాబులు."

"ఏదో మీ ఇష్టం. స్టేజ్ మీద ఆగితే మాత్రం కర్టెన్ వేసేస్తా" అన్నారు అన్నయ్య. అయినా వెళ్ళిపోలేదు. కోటు విప్పి మెట్ల మీద కూర్చున్నారు.

ఆ సాయంత్రం ఎంత నవ్వుకున్నామో! పాలు అనగానే చుట్టం లేచి కూర్చుని, "పాలున్నాయా? అయితే చిక్కటి కాఫీ ఒకటి" అనాలని పిల్లాడే చెప్పాడు. దగ్గు వినగానే, "మీకు ఒంట్లో బాలేనట్టుంది, నయమయ్యేదాకా నేనుంటాలెండి" అనాలని మెట్ల మీంచి అన్నయ్య అందించారు. బంగారాన్ని మాత్రం తీసేశాం. పిల్లాడు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

పండగ రోజు హాలు నిండిపోయింది. నేనూ అక్కా కర్టెన్ పక్కన నిలబడ్డాం. అంకుల్ కాగితాలు పట్టుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు, మాట మర్చిపోతే అందించడానికి. అవతలి పక్కన ప్రోగ్రామ్ అన్నయ్య, కర్టెన్ తాడు దగ్గర.

పాలు పొంగాయి. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ఆ నవ్వులకి బెదిరిపోయి పిల్లాడు కాఫీ మాట మర్చిపోయాడు. అంకుల్ కింద నుంచి అందిస్తూనే ఉన్నారు, వాడికి వినబడితేగా! నవ్వులు ఆగాయి. వాడు మాట్లాడలేదు. ముందు వరసలో ఎవరో దగ్గారు. అక్క నా మోచెయ్యి నొక్కేస్తోంది. అన్నయ్య చెయ్యి తాడు మీదికి వెళ్ళింది. అంకుల్ మొహం చూడలేక నేను తల దించుకున్నాను.

అప్పుడు మా పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని వాడి చుట్టూ ఒక రౌండు కొట్టింది.

"ఏటి అన్నయ్యగారూ, మాటాడరు? అలిగారా? కాఫీ ఇవ్వలేదని కోపమా? బస్‌లో తాగండి, బస్ వచ్చింది!"

పిల్లాడికి ప్రాణం లేచొచ్చింది. "బస్సా? నాకు బస్ పడదమ్మా. చిక్కటి కాఫీ తెండి!" అన్నాడు. ఇక చప్పట్లు చూడాలి.

అక్క నా చెవిలో, "ఇది కూడా నువ్వు రికార్డు చేసిందేనా?" అంది.

"నాది కాదక్కా. అంకుల్‌దీ కాదు."

అక్క ఇంట్లో అన్నం తినమంటే కూడా ఇంగ్లీషులోనే జవాబు చెప్పే కూతుర్ని అలా చూస్తూ నిలబడిపోయింది. అవతల అన్నయ్య తాడు వదిలేసి, అందరికంటే గట్టిగా నవ్వుతున్నారు. నేను శ్రీకాకుళం నుంచి మోసుకొచ్చి ఇన్నాళ్ళూ దాచుకున్న "ఏటి", ఇల్లినాయిలో పుట్టిన పిల్ల నోట్లో హాలంతా వినబడింది. దాన్ని దాచాల్సిన అవసరం లేదని నాకు తెలియజెప్పినవాళ్ళు అంకులూ, ఈ పిల్లా. వాళ్ళకి ఎంతో రుణపడ్డానని ఆ చీకట్లో అనుకున్నాను.

అంకుల్ చేతిలో కాగితాలు మడిచి జేబులో పెట్టేసుకున్నారు. కొంచెం పక్కకి జరిగి, నేల మీద చోటు చూపించారు.

"కూర్చోమ్మా. ఇంక అందించే పని లేదు, చూద్దాం."

కూర్చున్నాను.