కుడి జడ నాన్నది

ఆ వీధిలో ఎవరి తలకు ఎన్ని సుడులున్నాయో, ఎవరికి చెవి వెనక పుట్టుమచ్చ ఉందో, ఎవరు నలభై దాటకముందే రంగు వేయించుకోవడం మొదలుపెట్టారో అంతా కత్తెరన్నకు తెలుసు. తెలిసినా చెప్పడు. చెప్పడంటే, పేరు పెట్టి చెప్పడు. వీధి మలుపులో పాల దుకాణం పక్కన రెండు కుర్చీల సెలూను అతనిది. ఎదురుగా గోడంతా అద్దం. ఇరవై రెండేళ్ళుగా ఆ అద్దంలోకి చూస్తూనే అతను లోకంతో మాట్లాడాడు. ఎదురుపడి మాట్లాడాల్సి వస్తే మాత్రం మాట తడబడుతుంది.

అతని నోటికి అందరికంటే ఎక్కువగా దొరికేవాడు లారీ బావ. చుట్టరికం ఏమీ లేదు, ఆటపట్టించుకోవడానికి వీలుగా ఉంటుందని ఎప్పుడో కలుపుకున్న వరస. లారీ నడుపుతాడు. నడినెత్తి నున్నగా మెరుస్తుంది, చెవుల చుట్టూ మాత్రం కంచె కట్టినట్టు కాస్త జుట్టు మిగిలింది. ఆ కంచె సవరించుకోవడానికి నెలకు రెండుసార్లు వచ్చి కూర్చుంటాడు.

“రా బావా రా. ఇవాళ ఏ వెంట్రుకది వంతు?”

“కుడి చెవి మీద మూడోదానిది. మెల్లిగా కానియ్, దాని తోబుట్టువులు మొన్ననే పోయారు.”

పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. అయినా కత్తెరన్న ఆ ఖాళీ నెత్తిమీద, గాల్లోనే, ఇంకో అయిదు నిమిషాలు కత్తెర టకటకలాడిస్తాడు. అందరికీ చేసినంతసేపూ చెయ్యకపోతే బావ చిన్నబుచ్చుకుంటాడని అతని ఉద్దేశం.

ఇంత పనివాడికి రాని పని ఒకటుంది. జడ వెయ్యడం.

అది రాదన్న సంగతి అతనికీ చాలాకాలం తెలియదు. అవసరం పడితే కదా! భార్య సిటీ బస్సులో కండక్టరు. వీధిలో అందరూ కండక్టరమ్మ అంటారు. ఏళ్ళ తరబడి ఆవిడది మధ్యాహ్నం డ్యూటీ కావడంతో, ఉదయం కూతురి తల దువ్వి రెండు జడలు వేసి బడికి పంపడం ఆవిడ పనే. ఆ ఏడు డ్యూటీ మార్చి మొదటి బస్సు ఇచ్చారు. అయిదున్నరకల్లా డిపోలో ఉండాలి.

“జుట్టు పనే కదా నీది, రెండు జడలు నీకో లెక్కా?” అంది ఆవిడ టికెట్ల సంచీ భుజాన వేసుకుంటూ.

“అదెంత పని!” అన్నాడు కత్తెరన్న.

నాకు తెలిసినంతలో, “అదెంత పని” అన్నవాణ్ణి ఆ పని వదిలిపెట్టిన దాఖలా లేదు.

కూతురికి ఎనిమిదేళ్ళు. ఇంట్లో పేరు పొట్టి. మనిషి పొట్టిగానీ జుట్టు నడుము దాకా ఉంటుంది. భుజం దాటిన జుట్టుంటే రెండు జడలు వేసుకుని రావాలని బళ్ళో నియమం. మొదటిరోజు కత్తెరన్న ముప్పావు గంట కష్టపడ్డాడు. పాపిడి మాత్రం దారం పట్టి గీసినట్టు తీశాడు. అక్కడిదాకా సెలూను విద్య పనికొచ్చింది. తరవాతే కథ అడ్డం తిరిగింది. కత్తిరించేవాడి చెయ్యి జుట్టును రెండు వేళ్ళ మధ్య ఇరికించి, తలకు దూరంగా పైకి లాగి పట్టుకుంటుంది. ఇరవై రెండేళ్ళ అలవాటు. అలా లాగి పట్టుకునే జడ అల్లాడు. అల్లడం అయ్యాక చెయ్యి వదిలితే జడలు కిందికి రాలేదు. చెరో పక్కకూ పొడుచుకుని నిలబడ్డాయి.

బళ్ళో పిల్లలు ఊరుకుంటారా? “కొమ్ములొచ్చాయే” అన్నారు. మర్నాడు ఒకడు కాగితం ఉండలు చేసి జడలమీదికి గురిచూసి విసిరాడు. మధ్యాహ్నం టీచరు జాలిపడి విప్పి మళ్ళీ వేసింది. పక్కింటి పిన్నిగారు, “పంపించు నాయనా, నేను వేస్తాను” అంటే రెండు రోజులు పంపాడు. ఆవిడది మహా గట్టి చెయ్యి. పిల్ల కనుబొమలు పైకి లాక్కుపోయి, రోజంతా దేనికో ఆశ్చర్యపోతున్నట్టే కనిపించింది. మూడోరోజు పొట్టి వెళ్ళనని మొండికేసింది.

పదిరోజులు చూసి పొట్టి ఒక సాయంత్రం సెలూనుకు వచ్చింది. సంచీ దించకుండానే, అద్దంలో తండ్రి కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

“నాన్నా, ఈ సోమవారం కాక పై సోమవారం మా క్లాసుకు ఫోటో తీస్తారంట. అప్పటికీ నీకు రాకపోతే కత్తిరించెయ్. మెడ దాకా.”

“అదేంటే! అంత జుట్టు…”

“మరేం చెయ్యను? నీకు వచ్చింది అదేగా.”

వెక్కిరించడానికి అన్నమాట కాదది. ఉన్నమాట అంది. అందుకే కత్తెరన్నకు ముల్లులా దిగింది. రోజూ సాయంత్రం గంపెడు జుట్టు ఊడ్చి పారేసే మనిషి అతను. ఈ లోకంలో అతను పెంచిన జుట్టు అదొక్కటే. నెలకోసారి చివళ్ళు మాత్రం సవరించేవాడు, అదీ బియ్యపుగింజంత. దాన్ని తన చేత్తోనే మెడ దాకా కత్తిరించడమా? ఆ ధ్యాసలో ఆ సాయంత్రం ఒకాయన మీసం ఒకవైపు పొట్టిదైపోయింది. ఆయన మంచివాడు కాబట్టి రెండోవైపూ తగ్గించుకుని వెళ్ళిపోయాడు.

దారి పొట్టే చూపించింది. సెలూను గోడకు రెండు వారాలుగా ఒక కాగితం అంటించి ఉంది. వీధి చివర గ్రంథాలయం మేడమీద శనివారం సాయంత్రాలు అమ్మానాన్నలనూ పిల్లలనూ కలిపి కూర్చోబెట్టి ఏదో ఒకటి చేయిస్తుంటారు. ఒకసారి మట్టిబొమ్మలు, ఒకసారి చిరిగిన పుస్తకాలకు అట్టలు వెయ్యడం, ఒకసారి పాత సైకిలు విప్పి మళ్ళీ బిగించడం. ఆ సైకిలు ఇప్పటికీ మూడు నట్లు మిగుల్చుకునే తిరుగుతోంది. పిల్లల్ని దింపేసి పోవడానికి వీల్లేదు, పెద్దవాళ్ళు ఫోను తియ్యడానికీ వీల్లేదు. గ్రంథాలయం మేడమ్ ఈ రెండు విషయాల్లో చండశాసనురాలు. కాగితంమీద ఆవిడ చేతిరాతే: “శనివారం నాన్నలకు జడల తరగతి. ఒక దువ్వెన, రెండు రిబ్బన్లు, ఒక కూతురు తెచ్చుకోవలెను.”

“నీ గోడమీదే ఉంది కదా, చదవలేదా?” అంది పొట్టి.

చదివాడు. తనలాంటివాడికి కాదులే అనుకున్నాడు.

శనివారం బ్లేడ్లు కొనుక్కురావాలని చెప్పి సెలూను మూసి, కూతురి చెయ్యి పట్టుకుని మేడెక్కాడు. ఏడుగురు నాన్నలు వచ్చారు. అందులో అయిదుగురి తలలు అతని చేతికింద వంగేవే. “అదేంటి, కత్తెరన్న నేర్పుతాడేమో అనుకున్నాం, నేర్చుకోడానికా వచ్చింది?” అన్నాడు ఒకడు. కత్తెరన్నకు తల కొట్టేసినట్టయింది. తిరిగి మెట్లు దిగుదామా అనుకుంటుండగా, భుజాన మూడు రంగుల తాళ్ళు వేసుకుని గురువుగారు లోపలికొచ్చారు. నున్నటి నెత్తి ట్యూబులైటు కింద తళతళలాడుతోంది.

“నువ్వా బావా నేర్పేది!” అన్నాడు కత్తెరన్న, నోరు తెరిచి.

“ఏం, తలమీద లేకపోతే చేతిలో కూడా ఉండకూడదా?” అన్నాడు లారీ బావ.

ఓడలు బళ్ళవుతాయంటే ఏమిటో అనుకున్నాడుగానీ, ఇలా మేడమీద అవుతాయనుకోలేదు కత్తెరన్న. లారీ బావకు నలుగురు ఆడపిల్లలు. పెద్దవాళ్ళిద్దరి తరవాత కవలలు పుట్టి ఇంటావిడకు చేతులు చాలకపోతే, జడల పని ఆయన తీసుకున్నాడట. రోజుకు ఎనిమిది జడలు, పదేళ్ళ పాటు. సరుకు కట్టే తాడుతో బండిలో కూర్చుని నేర్చుకున్నాడట. ఇన్నేళ్ళూ కుర్చీలో కూర్చోబెట్టి అతని వెంట్రుకలు లెక్కపెట్టాడే తప్ప, ఇంట్లో ఏం చేస్తావు బావా అని ఒక్కసారైనా అడగలేదు కత్తెరన్న. అందుకు సిగ్గేసింది.

మూడు పాయలు తియ్యడం, పక్క పాయ నడిమికి తేవడం, ఇదంతా అందరికీ ఓ అరగంటలో పట్టుబడింది. కత్తెరన్న జడలు మాత్రం మళ్ళీ కొమ్ములే. లారీ బావ వెనక నిలబడి కాసేపు చూశాడు.

“బావా, నీ చేతిలో కత్తెర లేదుగానీ వేళ్ళు ఇంకా కత్తిరిస్తూనే ఉన్నాయి. పైకి ఎందుకు లాగుతున్నావు? కిందికి అల్లు. చెయ్యి పిల్ల మెడకు ఆనాలి. జుట్టు ఎటు పోతానంటే అటే పోనియ్.”

“సరే.”

“అదొకటీ. మాటిమాటికీ ఎదురుగోడ వంక దేనికి చూస్తావు?”

కత్తెరన్న తలెత్తాడు. ఎదురుగా సున్నం కొట్టిన గోడ. అద్దం కోసం చూస్తున్నానని అతనికి అప్పుడే తెలిసింది. ఆ ముక్క పైకి చెప్పేసరికి ఏడుగురు పిల్లలూ గొల్లున నవ్వారు. పొట్టి కూడా నవ్వింది. పదిహేను రోజుల్లో జడ గొడవలో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

వెళ్ళేటప్పుడు లారీ బావ మూడు రంగుల తాళ్ళూ అతని చేతిలో పెట్టాడు. వాటిని సెలూనులో రెండో కుర్చీ చేతికి కట్టి, వారమంతా ఒకరు లేచి మరొకరు కూర్చునేలోపు అల్లుతూ విప్పుతూ కూర్చున్నాడు కత్తెరన్న. ఊరి రహస్యాలన్నీ ఆ సెలూనులోనే బయటపడతాయి కాబట్టి అతని రహస్యమూ అక్కడే బయటపడింది. వచ్చినవాడల్లా ఓ సలహా పారేశాడు. జడ ఎప్పుడూ వెయ్యనివాళ్ళ దగ్గరే ఎక్కువ సలహాలుంటాయి. తాడు బాగానే దారికొచ్చింది. ఇంట్లో పొట్టి జుట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకరోజు బాగుంటే రెండురోజులు పొడుచుకొచ్చేది.

సోమవారం వచ్చింది. కండక్టరమ్మ వెళుతూ వెళుతూ నిద్రపోతున్న పిల్ల తల నిమిరి, రెండు రిబ్బన్లూ మొగుడి చేతిలో పెట్టి వెళ్ళింది. 

ఏడు గంటలకు పొట్టి స్నానం చేసి, “సెలూనుకు పోదాం పద నాన్నా” అంది.

“దేనికే?”

“రాకపోతే అక్కడే కత్తిరించొచ్చు.”

వెళ్ళారు. తాళం తీసి, కుర్చీ చేతులమీద పిల్లల కోసం వేసే అడ్డపలక వేసి కూతుర్ని కూర్చోబెట్టాడు. అద్దం ముందు కత్తెరలు వరసగా ఉన్నాయి. దువ్వి, పాపిడి తీసి, మూడు పాయలు పట్టుకున్నాడో లేదో, కళ్ళు అద్దంలోకి పోయాయి, వేళ్ళు పైకి లేచాయి. విప్పాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అంతే. అద్దంలో పొట్టి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పిల్ల కళ్ళు తుడుచుకుని, “పోన్లే నాన్నా” అంది.

ఆ “పోన్లే” వినలేకపోయాడు. కుర్చీ పట్టుకుని గిర్రున తిప్పేశాడు. ఇద్దరి వీపులూ అద్దం వైపు తిరిగాయి. ఎదురుగా తెరిచిన తలుపు, వీధి, పాల దుకాణం ముందు నలుగురు మనుషులు. చూడ్డానికి ఏ అద్దమూ లేదు. పిల్ల మెడ వెచ్చగా చేతికి తగిలింది. చెయ్యి అక్కడే ఆనించి, కళ్ళు దించి, కిందికి అల్లాడు. తొందరపడలేదు. పొట్టి కూడా ఊపిరి బిగబట్టి కూర్చుంది. రెండో రిబ్బనూ ముడి వేశాడు.

అప్పుడు కుర్చీ తిప్పాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, చేతిఅద్దం తీసి పిల్ల వెనక అటూ ఇటూ పట్టి, అందరినీ అడిగే మాటే అడిగాడు.

“చాలా? ఇంకా తగ్గించాలా?”

పొట్టి చాలాసేపు చూసుకుంది. తల ఊపింది. జడలు ఊగాయి, ఊగి, కిందికే వేలాడాయి.

“తగ్గించొద్దు,” అంది.

కత్తెరన్న కత్తెరలన్నీ సొరుగులో పెట్టేసి, కాసేపు ఆ సొరుగులోనే ఏదో వెతికాడు. వెతకడానికి అక్కడేమీ లేదు. మొహం పిల్లకు కనపడకూడదని, అంతే.

ఫోటోలో రెండో వరసలో పొట్టి కనిపిస్తుంది. ఎడమ జడ కాస్త లావు, రిబ్బను ఒకటి ఊడిపోబోతోంది. అయినా మొహం చూస్తే ఎవరూ జడలు చూడరు.

ఏడాది తిరిగేసరికి కండక్టరమ్మకు మళ్ళీ మధ్యాహ్నం డ్యూటీ వచ్చింది. “హమ్మయ్య, నీకు విముక్తి” అంది ఆవిడ. “అవును, బతికాను” అన్నాడుగానీ, మర్నాడు పొద్దున దువ్వెన పట్టుకుని ఏం చెయ్యాలో తోచక వసారాలో నిలబడ్డాడు. పొట్టి ఇద్దరినీ చూసింది. బల్లమీద కూర్చుని, వీపు తిప్పి, తీర్పు చెప్పింది.

“ఎడమది అమ్మ. కుడిది నాన్న. గొడవలొద్దు.”

అప్పటినుంచీ అంతే. బళ్ళో ఆడపిల్లలకు అదొక ఆటైపోయింది, ఏది అమ్మది, ఏది నాన్నది చెప్పుకోవడం. రోజూ ఇట్టే చెప్పేసేవారట. ఆ మాట వచ్చి చెప్పినప్పుడల్లా కత్తెరన్న నవ్వేసి ఊరుకునేవాడు.

ఒకరోజు సాయంత్రం లారీ బావ కుర్చీలో ఉండగా పొట్టి పరిగెత్తుకుంటూ వచ్చింది.

“నాన్నా! ఇవాళ అందరూ ఓడిపోయారు! ‘నున్నగా ఉంది, మీ అమ్మ వేసింది ఇదే కదా’ అని అందరూ నీదే చూపించారు. టీచరు కూడా!”

“అమ్మతో చెప్పకే,” అన్నాడు కత్తెరన్న.

“చెప్పేశా! బస్టాపులో కనిపించింది. టికెట్లు కొట్టడం మానేసి బస్సంతా వినేలా నవ్వింది.”

పిల్ల సంచీ పడేసి వీధిలోకి పరుగెత్తింది. కత్తెరన్న అద్దంలోకి చూడలేదు. బావ నెత్తిమీదికి వంగి పని మొదలుపెట్టాడు. చెవుల పక్క ఉన్న కాస్త జుట్టూ సవరించడం ఎప్పుడో అయిపోయింది. ఖాళీ నెత్తిమీద కత్తెర మాత్రం అలా టకటకలాడుతూనే ఉంది. రోజూకంటే చాలాసేపు ఆడింది. లారీ బావకు పనుంది, బండి ఎక్కాలి. అయినా కదలకుండా, తల వంచుకుని, ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చున్నాడు.