హ్యూగీ కొండను నిర్మించినది ఆనందరావు గారు

ఆనందరావు గారు ఇక లేరన్న దుర్వార్త ఐర్లాండులోని లిమరిక్ నగరంలో మా ఆఫీసు మెట్లు ఎక్కుతుండగా నన్ను చేరింది. ఫోను చేసినవారు ఆయన సతీమణి రూతమ్మ గారు. "మీ అంకుల్ పోయారమ్మా స్వాతీ. పొద్దున్న డ్యూటీకని బూట్లు వేసుకుంటా కూర్చున్నారు. మరి లేవలేదు" అన్నారు. ఆ క్షణాన నన్ను ఆవహించినది దుఃఖమేనని రాస్తే అసత్యమవుతుంది. దుఃఖం కన్నా ముందు, ఒక్క లిప్తకాలం, ఇక ఆయనకు ముఖం చూపించనక్కర్లేదన్న నీచమైన ఊరట కలిగింది. ఆ ఊరటకు సిగ్గుపడుతూనే ఈ నివాళి రాస్తున్నాను.

ఆయన విజయనగరం ప్రాంతీయులు. సర్వే శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఏళ్ల తరబడి కొండల ఎత్తులను కాగితం మీద సన్నని గీతలుగా లిఖించినవారు. రూతమ్మ గారికి లెటర్‌కెన్నీ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో కుమార్తె షారోన్‌ను వెంటబెట్టుకుని ఐర్లాండు వచ్చి, ఒక వృద్ధాశ్రమంలో ముసలివారిని చూసుకునే కేరర్‌గా చేరారు. యాభై దాటిన వయసులో, కంప్యూటరు తెరమీద కొండలను పునఃసృష్టించే విద్యను స్వయంకృషితో అభ్యసించారు. నేల ఎత్తుపల్లాల కొలతలను ఆధారం చేసుకుని, వాటిమీద రాయి, గడ్డి, పొగమంచు, వెలుతురు పరచి, చూసేవాడిని నిజమైన కొండ ఎదుట నిలబెట్టే విద్య అది. నేను ఆ విద్యలో మాస్టర్స్ చదువుతూ వారింటి పైగదిలో అద్దెకుండేదాన్ని. చదువు కళాశాలలో అయింది. విద్య మాత్రం ఆ ఇంటి వంటగది బల్లమీదే అబ్బింది.

నేను చేసిన తొలి కొండను చూసి ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "ఏటమ్మా, కొండకి దువ్వెన పెట్టి దువ్వేసినావు?" అన్నారు. మర్నాడు సన్నగా వాన పడుతుంటే దగ్గరలోని మకిష్ కొండ వాలుకు తీసుకువెళ్లి ఒక రాతిమీద కూర్చోబెట్టారు. గంటసేపు నీళ్లు ఎటు పోతున్నాయో చూడడమే పని. ఫ్లాస్కులో టీ చల్లారిపోయింది, నా కాళ్లు తిమ్మిరెక్కాయి. "నువ్వు కొండని చెయ్యకు. వానని కురిపించు. ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ మేట వెయ్యాలో నీళ్లకి తెలుసు" అన్నారు. ఇంటికి వచ్చాక నేను శిఖరాలు దిద్దడం మానేసి, సాఫ్ట్‌వేర్‌లో వేల సంవత్సరాల వర్షం కురిపించాను. తెరమీద నా కళ్లముందే లోయలు పుట్టాయి.

ఆయన సేవచేసే ఆశ్రమంలో హ్యూగీ అనే వృద్ధ గొర్రెల రైతు ఉండేవాడు. తుంటి విరిగి మంచం పట్టి, తన ఇంటి వెనక కొండను ఇక చూడలేనన్న దిగులుతో గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆనందరావు గారు సెలవు రోజున ఆ కొండ ఎక్కి, ఫొటోలు తీసుకుని, ఎత్తుల పటాలు సంపాదించి, దానిని తెరమీద నిర్మించి అతనికి చూపించారు. "ఇది నా కొండ కాదు" అన్నాడు హ్యూగీ. "రాతిగోడ అక్కడ వంపు తిరగాలి. ఆ పల్లంలో నేల నల్లగా ఉంటుంది, గొర్రె దిగబడితే ఇక రాదు." ఆనందరావు గారు నొచ్చుకోలేదు. అయిదు వారాలపాటు షిఫ్టు ముగిశాక అతని పక్కన కూర్చుని తప్పులు రాసుకుని, ఇంటికొచ్చి, అందరూ పడుకున్నాక దిద్దేవారు. ఒక మధ్యాహ్నం హ్యూగీ చాలాసేపు చూసి, "గ్రాండ్. ఇప్పుడు నన్ను పైకి తీసుకెళ్లు" అన్నాడట. ఈయన తెరమీద అతనిని ముసలివాడి నడకతో మెల్లగా శిఖరం దాకా తీసుకువెళ్లారు. దారిలో ఊపిరి తీసుకోవడానికి హ్యూగీ రెండుసార్లు ఆగమన్నాడట. ఆ మాట చెబుతూ ఆనందరావు గారు కన్నీళ్లు తుడుచుకున్నారు. మరుసటి నెలలోనే హ్యూగీ కన్నుమూశాడు.

ఆయన లాప్‌టాప్ పాతది కావడంతో ఆ కొండ తుది చిత్రాలను నా కంప్యూటరులో తీశాం. అలా ఆ ఫైలు నా దగ్గర ఉండిపోయింది. లిమరిక్‌లో ఒక చిన్న సంస్థ ఉద్యోగానికి పిలిచి, సొంతంగా చేసిన పని చూపించమంది. నా పనులేవీ నాకే నచ్చలేదు. హ్యూగీ కొండను నా పేరుతో పంపాను. ఉద్యోగం వచ్చింది. సంస్థ ఆ చిత్రాన్ని తన వెబ్‌సైటు మొదటి పేజీలో నా పేరుతోనే పెట్టింది.

ఏడాది తర్వాత ఆ దంపతులు నన్ను చూడడానికి లిమరిక్ వచ్చారు. రూతమ్మ గారు వంటగదిలో ఉండగా ఆయన మెల్లగా అన్నారు: "మీ ఆఫీసు సైటులో మన కొండ చూశానమ్మా. ఆకాశంలో నీలం కొంచెం తగ్గించినావు. బావుంది."

'మన' అన్నారు. ఆ ఒక్క పదంతో నాకు తలుపు తెరిచి ఉంచారు. నేను తలవంచుకుని, "ఇంకాస్త టీ పొయ్యనా అంకుల్?" అన్నాను. ఆయన కొంతసేపు నావైపు చూసి, కప్పు ముందుకు జరిపారు. అటు తర్వాత ఆయన ఫోను చేసినప్పుడల్లా నాకు ఏదో ఒక పని అడ్డొచ్చేది. లేని మీటింగులు ఎన్ని చెప్పానో నాకే గుర్తులేదు.

అంత్యక్రియలకు ముందు షారోన్ నా దగ్గరకు వచ్చింది. లెటర్‌కెన్నీ ఉన్న డోనెగల్ ప్రాంతపు అచ్చమైన యాస ఇంగ్లీషులో అడిగింది: "నువ్వు చేసిన ఆ కొండను చర్చి సర్వీసులో స్క్రీన్ మీద పెడదామా? డాడీకి అదంటే ప్రాణం. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించి, మా స్వాతి చేసింది అని మురిసిపోయేవాడు."

ఆయన నా దొంగతనాన్ని క్షమించడంతో ఆగలేదు, తన పేరును తానే తుడిచి నా పేరు నిలబెట్టారు. నిజం చెప్పవలసిన ఘడియ అదే. నేను తల ఊపాను. పాస్టరు గారు ప్రార్థన చేస్తుండగా ఆ కొండ తెరమీద ప్రకాశించింది. దాని కింద, ప్రియ శిష్యురాలు స్వాతి కానుక అని రాసి ఉంది.

అందరూ వెళ్లాక వంటగదిలో రూతమ్మ గారితో కప్పులు కడుగుతూ చెప్పేశాను. ఆమె చేతిలోని కప్పును అలమరలో పెట్టబోయి ఆగిపోయారు.

"నువ్వు చేస్తుంటే తను పక్కన కూర్చుని కొలతలు చెప్పానన్నారే నాతో?"

"నన్ను కాపాడడానికి ఆంటీ."

"నా దగ్గర కూడానా?" ఆమె కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మనిషి నాకో అబద్ధం చెప్పలేదమ్మా. నువ్వు చెప్పించినావు."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నన్ను ఓదార్చనూ లేదు. "నాకొక్కదానికి చెప్తే ఏటి లాభం? చర్చిలో అంతమంది నీ పేరు చదివినారు. అందరికీ తెలిసేలా చెప్పు" అన్నారు.

సోమవారం మా మేనేజరుకు చెప్పాను. చిత్రం కింద పేరు మారింది. నా ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. ఎలా తేలినా అది నాకు శిరోధార్యమే. ఆమె ఆజ్ఞలో మిగిలిన భాగాన్ని ఈ వ్యాసంతో నెరవేరుస్తున్నాను.

వర్షధారను గురువుగా ఎంచినవాడు, మంచం పట్టిన రైతును అతని శిఖరానికి చేర్చినవాడు, శిష్యురాలి పరువు కోసం తన సత్యవ్రతాన్నే త్యాగం చేసినవాడు ఆనందరావు గారు. అటువంటి మనిషి మనకు మళ్లీ లభించడు. ఆయన లిమరిక్‌లో నా ఎదుట కూర్చున్ననాడు ఒక్క మాటతో తీరిపోయే పని ఇది. ఆ మాట వినవలసినవారు ఇప్పుడు లేరు. నన్ను క్షమించండి అంకుల్.