అక్క టిఫిన్ సెంటర్ కరెంటు కోసం కొలంబస్ దాకా

నిన్న పొద్దున ఐదున్నరకి మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో కారు తీసేటప్పటికే నాకు ఒళ్లు మండిపోతోంది. కొలంబస్ పక్క ఊళ్లో టిఫిన్ సెంటర్ నడిపే మా సుజాతక్క, కరెంటు ఖర్చు భరించలేక నెలాఖరుకి మూసేస్తానంది. ఆ ఊరి కౌన్సిల్ ఇళ్లకీ కొట్లకీ కలిపి ఒకేసారి బేరమాడి, తక్కువ రేటుకి కరెంటు కొంటోంది. అందరినీ చేర్చేసి, వద్దనుకున్నవాళ్లని మాత్రం ఉత్తరంతో వచ్చిన కార్డు మీద సంతకం పెట్టి తిప్పి పంపమంది. అక్క వద్దని పంపింది. మా తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో ప్రభాకర్ అంకుల్ అలా పంపమన్నారట. రిటైరైన డాక్టరుకి కరెంటు సంగతులెందుకు? ఆయన్ని కడిగిపారేద్దామనే బయల్దేరాను.

టొలీడో దాటాక ఫిండ్లే దగ్గర హైవే మారాలి. మొత్తం మూడున్నర గంటలు, పెట్రోలుకి ముప్ఫై డాలర్లు. దారిలో కాఫీ చల్లగా ఉందని కౌంటర్లో అమ్మాయి మీద కూడా విసుక్కున్నాను. తొమ్మిదింటికి వెళ్లేసరికి అక్క రెండు ఫ్రీజర్లలో ఒకటి ఆపేసి ఉంచింది.

"ముందు తినవే. పోట్లాట తర్వాత."

తినబుద్ధి కాలేదు.

సిటీ ఆఫీసు పదింటికి తెరుస్తారు, పార్కింగ్ ఫ్రీ. క్లర్కు కంప్యూటర్‌లో చూసి, మీరే వద్దన్నారు, మళ్లీ చేరాలంటే వచ్చే ఏడాది కొత్త కాంట్రాక్ట్ దాకా ఆగాలి అంది.

"అప్పటిదాకా నా కొట్టు ఉండొద్దూ?" అంది అక్క తెలుగులోనే. క్లర్కు నా వైపు చూసింది. థాంక్స్ అని మాత్రం ఇంగ్లిష్‌లో చెప్పి అక్కని బయటికి తీసుకొచ్చాను.

అక్కని కొట్టు దగ్గర దింపి అంకుల్ ఇంటికెళ్లాను.

"ఎవర్నడిగి పెట్టారంకుల్ ఆ మెసేజ్?"

ఆయన ఫోన్‌లో గ్రూప్ ఓపెన్ చేసి పైకి జరిపారు. ఆయన మాటకి పైన నా పేరు, నా ఫోటో. 'కరెంటు స్కీమ్ అంటే స్కామ్, ఒప్పుకోకండి.' వేరే రాష్ట్రంలో, ప్లేనోలో ఉండే ఫ్రెండ్ పంపితే నేనే సగం చదివి అన్ని గ్రూపులకీ ఫార్వర్డ్ చేశాను. అక్కడ కరెంటుకి ఎవరి కంపెనీ వాళ్లే వెతుక్కోవాలి, తలుపు తట్టి అంటగట్టేవాళ్లు ఎక్కువ. అక్కడికది నిజమే.

"నువ్వు ఇంజనీర్‌వి కదమ్మా. తెలిసే పెట్టావనుకున్నా."

అక్క దగ్గరికొచ్చి చెప్పాను. పిండి కలుపుతూ తలెత్తలేదు.

"తెలుసే. నీ పేరు చూసే సంతకం పెట్టా."

తిరుగు ప్రయాణంలో కోపం పిసరంత కూడా తగ్గలేదు, కారులో మాత్రం నేనొక్కదాన్నే ఉన్నాను. మీ ఊరి నుంచి ఇలాంటి ఉత్తరం వస్తే, గడువు లోపల సిటీ ఆఫీసుకే ఫోన్ చేసి కనుక్కోండి. గ్రూపులో అడక్కండి, అక్కడ నాలాంటివాళ్లు ఉంటారు.