ఆడిటర్ మామ, నా మ్యాచ్ టికెట్లు

మా ఆడిటర్ మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను ఉప్పల్‌లో బారికేడ్ ఇవతల ఇరుక్కుని ఉన్నాను. ఆ రోజు స్టేడియంలో మ్యాచ్. చిల్కానగర్‌లో మా గల్లీకి పోయే దారులన్నీ మూసేశారు. చుట్టూ జనం జెండాలూపుతూ కేకలు వేస్తుంటే, స్కూటీ మీద కూర్చుని నేనొక్కదాన్నే ఏడుస్తున్నాను. కడసారి చూపు దక్కదేమోనని ఒకటే భయం. ఎలాగో దక్కింది, అదే పదివేలు.

నిజానికి ఆయన ఆడిటర్ కాదు. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లెక్కలు చూసి రిటైరయ్యాక, ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని గల్లీవాళ్ల ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేసేవాడు. ఆ పేరు మేం పెట్టిందే. ఎవరొచ్చినా ముందు చాయ్ ఇప్పించి, తరువాత తిట్టేవాడు. చేతిలో కప్పు ఉన్నవాళ్లు లేచి వెళ్లిపోరని ఆయన ధీమా.

నేను తిట్లు తిన్నది టికెట్ల దగ్గర. ప్రైవేటు బడిలో టీచర్ని, క్రికెట్ పిచ్చిదాన్ని. నిరుడు వరంగల్ నుంచి అక్కావాళ్లు వస్తారని మ్యాచ్ టికెట్లు కొంటే, వాళ్లు రాలేదు. కొన్న ధరకు మూడింతలిచ్చి వాటిని ఎవరో తీసుకున్నారు. రుచి మరిగి ఆ సీజనంతా కొని అమ్మాను. రిటర్ను వేద్దామని కూర్చుంటే, మామ బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ జమలు పట్టుకున్నాడు.

"గివేంది బిడ్డా?"

"టికెట్లు బ్లాక్‌ల అమ్మిన మామా. సూపిస్తె పోలీసులు పట్టుకుంటరు, సూపియ్యకుంటె టాక్సోళ్లు పట్టుకుంటరు. ఎటు పోవాలె నేను?"

"టికెట్ బ్లాక్‌ల అమ్మినవ్, సరే. పైసలు గూడ బ్లాక్ జేస్తనంటె ఎట్ల? అమ్మినదాంట్లకెల్లి కొన్నది తీసెయ్. మిగిలింది నీ ఆదాయం. సూపియ్."

"పన్ను కడితె చేసిన తప్పు పోతదా?"

"పోదు. ఇంకోటి పెరగదు, గంతె."

ఆ తరువాత ఆయన గుమ్మం తప్పించుకుని పోవాలని చూసేదాన్ని. గేటు దగ్గర నిలబడి, టికెట్లు కొన్న మెసేజీలు తెచ్చావా అని అడిగేవాడు. చివరికి చూపిస్తానని ఒప్పుకున్నాను. ఆదివారం రమ్మన్నాడు. ఆ ఆదివారం రాకముందే, నిద్రలోనే పోయాడు.

గడువు దగ్గర పడుతోంది. ఏఎస్ రావు నగర్‌లో రిటర్నులు వేసే ఒకతని దగ్గరికి వెళ్తే, "అవన్నీ ఎందుకు మేడం, వదిలేయండి. ఎవరు చూస్తారు?" అన్నాడు. నిజమే, ఆ అమ్మకాల సంగతి తెలిసిన ఆ ఒక్క మనిషి ఇక లేడు. వదిలేస్తే సరిపోతుంది. కానీ ఆయన లేడు కదా అని దాచుకోవడం నాకు మనసొప్పలేదు. సొంతంగా వేద్దామంటే పాస్‌వర్డ్ ఆయనకే తెలుసు. మార్చుదామంటే ఓటీపీ ఆయన ఫోన్‌కే పోతోంది. "మీరు ఓటీపీ జెప్పేసరికి నాకు తెల్లారుతది" అంటూ గల్లీలో అందరి రిటర్నులకూ తన నంబరే ఇచ్చుకున్న మనిషి మరి.

పుట్టెడు దుఃఖంలో ఉన్న ఆయన భార్యను ఓటీపీ చెప్పమని ఎలా అడగను? దినాలు అయ్యేదాకా ఆగి, సిగ్గుపడుతూనే వెళ్లాను. దండ వేసిన ఫోటో కింద ఆయన ఫోన్ చార్జింగ్‌లో ఉంది. విషయం చెప్పగానే అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది.

"నువ్వు మొదటిదానివి గాదు బిడ్డా. ఈ నంబరు బందు జేద్దామనుకున్న గని, మీ అందరియి దీంట్లనే వస్తున్నయట. రీచార్జి జేపిచ్చిన."

ఒక్కో అంకె కూడబలుక్కుని చదివింది. అక్కడే నేల మీద కూర్చుని, టికెట్ల మీద మిగిలినదంతా చూపించి రిటర్ను పంపించాను. పన్ను కట్టాను. మామా, సూపిచ్చిన అని చెప్పడానికి తలెత్తితే ఎదురుగా ఫోటో.

అంతలో ఫోన్ మళ్లీ వెలిగింది. మరో ఓటీపీ. అత్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని నా వైపు తిప్పింది.

"గిది ఎవరిది బిడ్డా?"